ఈ ఏటి మేటి రాక్ ఆల్బమ్: స్నేహితుల లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి

క్లుప్తంగా: ఏడాది చివర స్నేహితులు వేసుకునే రాక్ ఆల్బమ్‌ల జాబితాలు కలవకపోవడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. ఏది ఆల్బమ్, ఏది ఈ ఏడాదిది, ఎలా విన్నారు, ఓట్లు ఎలా కూడారు అన్న నాలుగు కొలతలూ మనిషికో రకంగా ఉంటాయి. ఈ నాలుగింటినీ ముందే ఒక దారికి తెస్తే, మిగిలే తేడాయే అసలైన అభిరుచి తేడా.

డిసెంబరు మొదటి వారంలో పాటల యాప్‌లు ఎవరి ఏడాది లెక్క వాళ్ళ చేతిలో పెడతాయి. ఇంచుమించు అదే సమయంలో విదేశీ పత్రికల ‘ఈ ఏటి మేటి ఆల్బమ్‌లు’ జాబితాలు వచ్చిపడతాయి. నెల తిరిగేసరికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు రైళ్ళు సంక్రాంతి జనాన్ని విజయనగరంలోనూ, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లోనూ దింపుతాయి. గంటస్తంభం దగ్గర టీ కొట్టు ముందో, కళింగపట్నం ఇసుకలోనో పాత స్నేహితులు కలుస్తారు. రాక్ వినేవాళ్ళు నలుగురుంటే మాట అటు మళ్ళుతుంది. పావుగంటలో అది “ఏట్రా, ఇదీ ఒక ఆల్బమేనా?” అన్న చోటికి చేరుతుంది. అక్కడే ఆగిపోతుంది కూడా.

ఎవరి ఇష్టం వాళ్ళది అని వదిలేస్తే వాదన ముగుస్తుంది గానీ, దాని వెనక ఉన్న కారణాలు తెలియవు. వాటిలో చాలా వరకు కొలవదగినవి, సరిచేయదగినవి.

‘ఆల్బమ్’ అనగానే తెలుగు చెవికి వినిపించేది

తెలుగునాట ఆల్బమ్ అంటే ముందుగా సినిమా ఆడియో. ఐదారు పాటలు, ఒక సంగీత దర్శకుడు, పాటకో గొంతు, ఒక్కో పాటకు కథలో ఒక్కో చోటు. సినిమాతో సంబంధం లేని పాటలకు ‘ప్రైవేట్ ఆల్బమ్’ అనే వేరే పేరు పెట్టుకున్నామంటేనే ఈ అలవాటు ఎంత లోతైనదో తెలుస్తుంది. సినిమా ఆడియోలో రెండు పాటలు నిలబడితే ఆల్బమ్ హిట్టే. మిగతావి సందర్భం కోసం ఉన్నాయని సరిపెట్టుకుంటాం.

రాక్ ఆల్బమ్ కట్టుబడి వేరు. ముగ్గురో ఐదుగురో ఉన్న ఒకే బృందం, చాలావరకు ఒకే గొంతు, పది పాటలు, నలభై నిమిషాలు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో బృందమే తేల్చుకుంటుంది. రెండు పాటలు విని తీర్పు చెప్పేవారికీ, పదీ వరసగా విన్నవారికీ మధ్య వాదన ఎప్పటికీ తెగదు. ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి.

ఆ నలభై నిమిషాల లెక్క పరికరం నుంచి వచ్చింది. నిమిషానికి 78 సార్లు తిరిగే (78 ఆర్‌పీఎమ్) పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు లాంటివారి హరికథ గంటల తరబడి సాగేది. అలాంటి కళను మూడు నిమిషాల పళ్ళెంలోకి ఎక్కించాలంటే తునకలు చేయక తప్పదు. పొడుగు రచనలను కొన్ని రికార్డుల మీద ఎక్కించి, ఫొటో పుస్తకం లాంటి అట్టలో అమ్మేవారు. ‘ఆల్బమ్’ అన్న పేరు అక్కడిదే.

1948లో కొలంబియా సంస్థ తెచ్చిన 33⅓ ఆర్‌పీఎమ్ ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) ఒక్కో వైపు 22 నిమిషాల దాకా పట్టింది. అంతకంటే ఎక్కువ కుక్కితే సూది నడిచే గాడులు దగ్గరపడతాయి. దగ్గరపడితే శబ్దం తగ్గించాలి, బేస్ (దిగువ శ్రుతులు) కొయ్యాలి. పైగా పళ్ళెం అంచున సూది కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదిలితే, మధ్యకు వచ్చేసరికి 21 సెంటీమీటర్లే కదులుతుంది. అంత తక్కువ చోటులో హెచ్చు శ్రుతులు గరగరలాడతాయి. అందుకే పాత రాక్ ఆల్బమ్‌లలో చాలాచోట్ల జోరు పాటలు వైపు మొదట్లో, నెమ్మది పాటలు చివర్లో కనిపిస్తాయి. ఈ సంగతి తెలియకపోతే “అయిదో పాట దగ్గర చప్పబడిపోయింది” అనిపిస్తుంది. అక్కడ ఒక వైపు అయిపోతుంది, అంతే.

తర్వాత సీడీ 74 నిమిషాలకు సాగింది. స్ట్రీమింగ్‌లో హద్దే లేదు. 2014 డిసెంబరు నుంచి అమెరికా బిల్‌బోర్డ్ పట్టిక 1,500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానంగా లెక్కించడం మొదలుపెట్టింది. ఆ అంకె తర్వాత మారింది గానీ పద్ధతి అదే. ఒక్క పాటే 1,500 సార్లు మోగినా ఆ లెక్కలో ‘ఆల్బమ్’ అమ్ముడైనట్టే. ‘ఎక్కువగా విన్న ఆల్బమ్’ అనే మాటను నమ్మలేకపోవడానికి మూలం ఇదే.

నిడివి దగ్గర ఒక చిన్న నియమం పెట్టుకుంటే చాలు. అమెరికా సంగీత అవార్డులు గ్రామీల నిబంధనల ప్రకారం కనీసం ఐదు వేర్వేరు పాటలూ 15 నిమిషాలూ ఉండాలి, లేదా పాటలెన్నయినా మొత్తం కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఆపిల్ మ్యూజిక్ నాలుగు నుంచి ఆరు పాటలుండి 30 నిమిషాల లోపు ఉన్నదాన్ని ఈపీగా, అంటే ఆల్బమ్ కంటే చిన్నదిగా చూపిస్తుంది. స్నేహితుల జాబితాకు 30 నిమిషాల గీత తేలిక.

ఏ ఏడాది?

కొత్త పాటలు ప్రపంచమంతటా శుక్రవారం విడుదల కావడం 2015 జులై 10న మొదలైంది. అందువల్ల విడుదల తేదీ విషయంలో దేశాల మధ్య తేడా దాదాపు పోయింది. అంతకుముందు అది పెద్ద చిక్కే. ది క్లాష్ బృందం ‘లండన్ కాలింగ్’ బ్రిటన్‌లో 1979 డిసెంబరులో, అమెరికాలో 1980 జనవరిలో వచ్చింది. 1989లో రోలింగ్ స్టోన్ పత్రిక దాన్నే 1980ల దశాబ్దపు మేటి ఆల్బమ్ అంది. బ్రిటన్ లెక్కలో అది 70ల ఆల్బమ్.

అవార్డుల ఏడాది ఇంకో రకం. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన గ్రామీలకు గడువు 2023 సెప్టెంబరు 16 నుంచి 2024 ఆగస్టు 30 దాకా. అందుకే ఆ రోజు ఉత్తమ రాక్ ఆల్బమ్ అవార్డు రోలింగ్ స్టోన్స్ బృందం ‘హాక్నీ డైమండ్స్’కు దక్కింది. అది విడుదలైంది 2023 అక్టోబరు 20న. పదహారేళ్ళ విరామం తర్వాత 2024 నవంబరు 1న వచ్చిన ది క్యూర్ బృందం ఆల్బమ్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’కు ఆ పోటీలో చోటే లేదు. ఆ తేదీ 2026 అవార్డుల గడువులోకి వస్తుంది.

పత్రికల జాబితాలు చాలావరకు నవంబరులోనే సిద్ధమవుతాయి. యాప్‌ల వార్షిక లెక్క కూడా డిసెంబరు ముగియక ముందే ఆగుతుంది. డిసెంబరులో వచ్చిన ఆల్బమ్ రెండు చోట్లా నష్టపోతుంది. దీనికి పరిచయపు తేడా తోడవుతుంది. ఒకదాన్ని మళ్ళీ మళ్ళీ ఎదుర్కోవడం వల్లనే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయన్స్ 1968లో చూపించారు. ఫిబ్రవరిలో వచ్చి ముప్పైసార్లు విన్నదాన్నీ, నవంబరులో వచ్చి రెండుసార్లు విన్నదాన్నీ పక్కపక్కన పెడితే మొదటిది గెలవడంలో వింత లేదు.

ఇంకో పొరపాటు రీమాస్టర్లతో వస్తుంది. పాత ఆల్బమ్‌ను మళ్ళీ మెరుగుపెట్టి విడుదల చేసినప్పుడు యాప్‌లో కొన్నిసార్లు కొత్త ఏడాదే కనిపిస్తుంది. పేరు పక్కన ‘రీమాస్టర్’, ‘డీలక్స్’, ‘యానివర్సరీ’ అని ఉంటే మొదటి విడుదల ఏడాది చూసుకోవాలి.

ఒకే ఆల్బమ్, నాలుగు రకాల చప్పుడు

అసలు తగువు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, మామూలు గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర. అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరు 100 హెర్ట్జ్ దిగువన బాగా బలహీనం. ఫోన్ స్పీకరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పై శ్రుతులను బట్టి మెదడు ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది గానీ, ఛాతీకి తగిలే దెబ్బ రాదు. బేస్, డోలు మీద నిలబడిన ఆల్బమ్ ఆ స్పీకర్లో ‘ఏమీ లేనట్టు’ వినిపిస్తుంది. అదే ఆల్బమ్ కారు స్పీకర్లలో వేరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

బస్సులో, రైల్లో వినేవారికి ఇంకో చిక్కు. ఇంజను, చక్రాల రొద ఎక్కువగా దిగువ శ్రుతుల్లో ఉండి బేస్‌ను కప్పేస్తుంది. అది వినబడాలని శబ్దం పెంచుతారు. వారానికి 80 డెసిబెళ్ళ దగ్గర 40 గంటలు, 90 దగ్గరైతే 4 గంటలే క్షేమం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పది డెసిబెళ్ళు పెంచితే పదోవంతు సమయమే మిగులుతుంది. ప్రయాణంలో వినాలంటే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న ఇయర్‌ఫోన్లు తక్కువ శబ్దంతో పని జరిపిస్తాయి.

ఒకే ఇయర్‌ఫోన్ జతను ఇద్దరు పంచుకోవడం స్నేహానికి మంచిదే గానీ రాక్‌కు మాత్రం చెరుపు. చాలా రాక్ రికార్డింగుల్లో ఒకే గిటార్ భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పంపుతారు. కొన్నిచోట్ల రెండు వైపులా వేర్వేరు గిటార్లే ఉంటాయి. అలా పంచుకుంటే ఒకరికి ఒక గిటార్ అసలు వినబడదు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు వైపులా కలిసి ఇద్దరికీ అన్నీ అందుతాయి. విశాలత పోయినా ఎవరి వాటా నష్టపోదు.

శబ్దం స్థాయిది మరో మాయ. రెండు ముక్కల్లో ఒకటి కొంచెం గట్టిగా మోగితే, గట్టిగా ఉందని తెలియకుండానే అదే బాగుందనిపిస్తుంది. తక్కువ శబ్దంలో చెవికి బేస్ తగ్గినట్టు వినిపిస్తుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. పోల్చి వినేటప్పుడు ఒకే గదిలో, ఒకే చోట ఫోన్ పెట్టి, ఏదైనా శబ్దమాపక యాప్‌తో రెండింటినీ 75 డెసిబెళ్ళ చుట్టుపక్కలకు తేవాలి. ఫోన్ మీటరు కచ్చితమైనది కాదు. కానీ రెండింటికీ ఒకే ఫోన్ వాడినప్పుడు ఆ తప్పు రెండు వైపులా సమానమే.

యాప్ సెట్టింగుల్లో చూడవలసినవి నాలుగు. షఫుల్ ఆపాలి. క్రాస్‌ఫేడ్ సున్నాకు తేవాలి, లేదంటే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. ఆల్బమ్ అయిపోగానే వేరే పాటలు మొదలుపెట్టే ఆటోప్లే ఆపాలి. నాలుగోది వాల్యూమ్ నార్మలైజేషన్. ఇది ఆన్‌లో ఉంటే స్పాటిఫై అన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే శబ్దాన్ని కొలిచే ప్రమాణం) అనే ఒకే స్థాయికి సర్దుతుంది. ఆల్బమ్‌ను వరసగా వింటే ఆల్బమ్ మొత్తానికి ఒకే సర్దుబాటు ఉంటుంది కాబట్టి నెమ్మది పాట నెమ్మదిగానే మిగులుతుంది. ప్లేలిస్టులోనో షఫుల్‌లోనో ఏ పాటకా పాటను సర్దడంతో ఆ ఎత్తుపల్లాలు చదునవుతాయి. వరసగా విన్నవారికి ‘గొప్ప మలుపు’ అనిపించిన చోటు ప్లేలిస్టులో విన్నవారికి తెలియకపోవడానికి ఒక కారణం ఇది.

డేటా ఖర్చు పెద్దదేమీ కాదు. 42 నిమిషాల ఆల్బమ్ 320 కేబీపీఎస్ దగ్గర సుమారు 100 ఎంబీ, 96 దగ్గర 30 ఎంబీ. పల్లెలో సిగ్నల్ ఊగిసలాడేచోట నాణ్యతను ‘ఆటో’లో ఉంచితే పాట మధ్యలోనే దిగజారుతుంది. తాళాల (సింబల్స్) మోత నీళ్ళ చప్పుడులా మారితే అది రికార్డింగ్ లోపం కాదు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకుని వినడం మేలు.

గొంతు అడుగున ఎందుకుంది?

సినిమా పాటకు అలవాటు పడ్డవారు రాక్ మీద చేసే మొదటి ఫిర్యాదు: మాటలు తెలియడం లేదు. భాష ఒక్కటే కారణం కాదు. మన సినిమా పాటలో గొంతు వాయిద్యాలన్నిటి పైన నిలుస్తుంది, సాహిత్యం వినబడాలి కాబట్టి. రాక్ మిక్సింగులో చాలాచోట్ల గొంతును గిటార్ల వరసలోనే కూర్చోబెడతారు. అది ఇంకో వాయిద్యం. మొదటిసారి మాటల కోసం వెతక్కుండా విని, రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకుని వింటే ఆ అడ్డు చాలా వరకు తొలగుతుంది.

గిటార్ గరగరకు కూడా మనకు తెలిసిన లెక్క ఒకటుంది. బొబ్బిలి వీణకు పనస కుండ నాదాన్ని పెంచుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ చాలావరకు గట్టి చెక్కపలక. తీగ కదలికను పికప్ విద్యుత్తుగా మారిస్తే యాంప్లిఫయర్ పెంచుతుంది. మోతాదు మించి పెంచినప్పుడు అలల శిఖరాలు తెగి కొత్త శ్రుతులు పుడతాయి. అదే డిస్టార్షన్. ఆ స్థితిలో మూడు స్వరాల కార్డ్ వాయిస్తే బురదగా మారుతుంది. అందుకే గాంధారం వదిలేసి షడ్జమ పంచమాలు మాత్రమే పట్టుకుంటారు. దీన్నే పవర్ కార్డ్ అంటారు. స–ప జంట తంబూరాదే. తంబూరాలో అది కదలని ఆధారం, రాక్‌లో ఊరంతా తిరిగే రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వర వరస. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు విని పెరిగిన విజయనగరం చెవికి ఇది అంత పరాయిది కాదు.

తాళంలో మాత్రం సర్దుకోవాలి. భజనలో చప్పట్లు మొదటి మాత్ర మీద పడతాయి. రాక్‌లో నాలుగు మాత్రల్లో రెండూ నాలుగూ మీద స్నేర్ డ్రమ్ దెబ్బ పడుతుంది. తప్పెటగుళ్ళు చూసి పెరిగినవారికి దరువు బలం కొత్త కాదు. బరువు ఏ మాత్ర మీద పడుతోందన్నదే కొత్త.

చేతులెత్తి లెక్కిస్తే వచ్చే చిక్కు

ఐదుగురు స్నేహితులు, మూడు ఆల్బమ్‌లు అనుకుందాం: అ, ఇ, ఉ. ఇద్దరి వరస అ–ఇ–ఉ. ఇంకో ఇద్దరిది ఉ–ఇ–అ. ఐదోవారిది ఇ–అ–ఉ. “మీకు నంబర్ వన్ ఏది?” అని అడిగితే అ కు రెండు, ఉ కు రెండు, ఇ కి ఒకటి. ఇ ముందే పోటీ నుంచి తప్పుకుంటుంది.

మొదటి స్థానానికి 3, రెండుకు 2, మూడుకు 1 పాయింటు వేస్తే ఇ కి 11, అ కు 10, ఉ కు 9. ఆఖరున ఉన్నదే ముందుకొచ్చింది. జంటలుగా పోటీ పెట్టినా ఇ మిగతా రెండింటినీ చెరో 3–2 తేడాతో ఓడిస్తుంది. ఈ పాయింట్ల పద్ధతిని ఫ్రెంచి గణితజ్ఞుడు బోర్డా 1770లో ప్రతిపాదించాడు. జంటల పోటీలో కూడా అ ఇ ని, ఇ ఉ ని, ఉ అ ను ఓడించే చక్రం ఏర్పడవచ్చని 1785లో మరో ఫ్రెంచి గణితజ్ఞుడు కాండర్సే చూపించాడు. అంటే పరిపూర్ణమైన పద్ధతి లేదు. అయినా ఒక్క చేయెత్తుడు కంటే పాయింట్లు ఎంతో నయం.

న్యూయార్క్ పత్రిక ‘విలేజ్ వాయిస్’ 1971లో మొదలుపెట్టిన ‘పాజ్ అండ్ జాప్’ సర్వే ఇంకో దారి చూపింది. ప్రతి విమర్శకుడికీ 100 పాయింట్లు. వాటిని పది ఆల్బమ్‌లకు పంచేవారు. ఒకదానికి 30 మించకూడదు, 5 తగ్గకూడదన్నది నియమం. ఇలాంటి పద్ధతిలో ఇష్టం ఎంత గాఢమో కూడా నమోదవుతుంది. ఒకరికి ప్రాణమైన ఆల్బమ్‌కూ, అందరూ పర్వాలేదన్న ఆల్బమ్‌కూ తేడా కనిపిస్తుంది.

ఏ పద్ధతిలోనైనా ఒక లోపం మిగులుతుంది: అందరూ అన్నీ వినకపోవడం. ఐదుగురు పదేసి రాసుకొస్తే నలభై పేర్లు తేలడం కష్టం కాదు. అప్పుడు గెలిచేది ఎక్కువమంది చెవిన పడ్డది మాత్రమే. పేరున్న బృందాలకు, పెద్ద ప్రచారానికి ఇది వరం. బాగున్నా తక్కువమందికి చేరినదానికి శాపం. మన దేశపు బృందాలకు జరిగే అన్యాయం ఇక్కడే. మలయాళంలో రాక్ పాడిన అవియల్ బృందం 2008 ఆల్బమ్, ఢిల్లీ బృందం బ్లడీవుడ్ 2022 ఆల్బమ్ ‘రక్షక్’ లాంటివి వినకుండానే జాబితా బయట ఉండిపోతే అది తీర్పు కాదు.

నెలగంట నుంచి భోగి దాకా

ఈ లోపానికి మందు కాలమే. డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెడతారు. అక్కడి నుంచి భోగి దాకా దాదాపు ముప్పై రోజులు. ఐదుగురూ తలా రెండేసి ఆల్బమ్‌లు ప్రతిపాదిస్తే పది. ఒక్కోటి మూడుసార్లు వినాలంటే ముప్పై వినికిడులు. అంటే రోజుకొకటి, నలభై నిమిషాలు. పండగ సెలవులకు ఇంటికి రాకముందే, ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండగానే ఈ పని పూర్తవుతుంది. ప్రతిపాదించే రెండింటిలో ఒకటి భారతీయ బృందానిదో, అక్టోబరు తర్వాత వచ్చినదో కావాలని నియమం పెడితే జాబితా ఒకే వైపు వాలిపోదు.

మూడు వినికిడులనూ ఒకేలా వాడుకోనక్కర్లేదు. మొదటిది పనులు చేసుకుంటూ విన్నా ఫర్వాలేదు, పరిచయం కోసమే అది. రెండోది సాహిత్యంతో. మూడోది మంచి ఇయర్‌ఫోన్లతో, మధ్యలో ఫోన్ ముట్టకుండా. పాయింట్లు మూడోది అయ్యాకే రాయాలి. పదింటికి వంద పాయింట్లు పంచి, గ్రూపు మెసేజీలో కాకుండా ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసి తేవాలి. ఒకరి అంకె చూశాక రెండోవారి అంకె అటు జరగకుండా ఉండేందుకు ఇది. తాను ప్రతిపాదించిన రెండింటికీ కలిపి 30 దాటకూడదన్న కట్టుబాటు లేకపోతే ఐదుగురూ తమవాటికే గరిష్ఠం వేసుకుంటారు. లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

కలిసిన రోజున ఒక్కో ఆల్బమ్ నుంచి ఒకే పాట, పూర్తిగా. ప్రతిపాదించినవారు పాటకు ముందు ఒక్క వాక్యం చెబితే చాలు: డోలు విను, రెండో గిటార్ విను, మూడో నిమిషం దగ్గర విను అని. నాలుగు నిమిషాల పాట, ఐదు నిమిషాల మాట చొప్పున పదింటికి గంటన్నర పడుతుంది. పెద్దపండగ నాడు గుడి మైకు, గంగిరెద్దుల సన్నాయి మధ్య ఈ పని సాగదు. కనుమ తర్వాతి సాయంత్రం ఒక గది, గది మూలలో కాకుండా గోడకు అడుగు దూరంలో పెట్టిన రెండు స్పీకర్లు కావాలి. మూలలో పెడితే బేస్ ఉబ్బి డోలును మింగేస్తుంది.

పాయింట్ల కాగితాలు పారేయకుండా ఉంచితే ఇంకో ఉపయోగముంది. వచ్చే నెలగంటకు కొత్త జాబితా మొదలుపెట్టే ముందు పాత పదింటికీ అదే ఐదుగురు మళ్ళీ పాయింట్లు వేయవచ్చు. రెండు కాగితాలూ పక్కన పెట్టుకుంటే ఏ అంకెలు నిలిచాయో, ఏవి జారాయో తెలుస్తుంది. ఏడాది చివర్లో వచ్చి మూడేసార్లు విన్నవాటి అంకెలు మారే అవకాశం ఎక్కువ. కొత్త జాబితా కూడేటప్పుడు నవంబరు, డిసెంబరు ఆల్బమ్‌లకు ఇంకో రెండు వినికిడులు అదనంగా కేటాయించాలో వద్దో ఆ తేడాను చూసి నిర్ణయించుకోవచ్చు.